పాశమైలారం పారిశ్రామిక వాడ: మురుగునీటి శుద్ధిలో మడ్డి నిర్వహణ, దాని ఆధునికీకరణ

పాశమైలారం సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ఊరు. దాన్ని ఆనుకుని అదే పేరుతో పెద్ద పారిశ్రామిక వాడ ఉంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరు, ముత్తంగి దాటి ఇస్నాపూర్ చౌరస్తాలో పక్కకు తిరిగితే వాడ మొదలవుతుంది. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వాడలతో కలిపి చూస్తే దేశంలో మందుల ముడిసరుకు (బల్క్ డ్రగ్స్) ఎక్కువగా తయారయ్యే ప్రాంతాల్లో ఇదొకటి. ఇక్కడి కర్మాగారాల మురుగునీటి గురించి దశాబ్దాలుగా కోర్టుల్లోనూ, పత్రికల్లోనూ, పొలం గట్ల మీదా వాదన నడుస్తూనే ఉంది. ఆ వాదనలో పెద్దపీట ఎప్పుడూ నీళ్లదే. నీళ్లు శుద్ధి అయ్యాక అడుగున మిగిలే మడ్డి (స్లడ్జ్) ఎటు పోతోందని అడిగేవాళ్లు తక్కువ.

అడగవలసిన ప్రశ్న అది. శుద్ధి కేంద్రం మురికిని మాయం చేయలేదు. అందులో కొంత సూక్ష్మజీవులకు ఆహారమై, కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలుస్తుంది. మిగిలినదాంట్లో చాలా భాగం నీళ్లను వదిలి మడ్డిలోకి చేరుతుంది. మడ్డిని బయటికి పంపే దారి ఇరుకైతే, ముందున్న ట్యాంకులు ఎంత గొప్పగా కట్టినా అదే మురికి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. శుద్ధి కేంద్రాన్ని విస్తరించడమంటే కొత్త ట్యాంకులకు కాంక్రీటు పోయడమేనన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. అసలు సామర్థ్యం చాలాసార్లు ప్లాంటు వెనక గోడ దగ్గర, మడ్డి యంత్రాలుండే షెడ్డులో తేలుతుంది.

వాడ, వాగులు, వ్యాజ్యం

1970లలో అప్పటి మెదక్ జిల్లాను వెనుకబడిన ప్రాంతంగా గుర్తించి పరిశ్రమలకు రాయితీలిచ్చారు. చవకగా భూమి, పక్కనే హైదరాబాద్, బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి రసాయన తయారీలో చేయి తిరిగిన నిపుణులు: ఈ మూడూ కలిసి మందుల పరిశ్రమను ఇక్కడ పాదుకొల్పాయి. డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్స్ వ్యవస్థాపకుడు కె. అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్ నుంచి వచ్చినవారే. కర్మాగారాలు వచ్చినంత వేగంగా మురుగు కాలువలు రాలేదు. కెమికల్ నీళ్లు ఇసుకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, చివరికి మంజీరలోకి చేరాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017 అక్టోబరులో తీర్పు దాకా వచ్చింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు లాంటివారు ఈ పోరాటాన్ని దశాబ్దాల పాటు మోశారు. ఆ ఒత్తిడిలోనే 1990లలో పటాన్‌చెరు, బొల్లారంలలో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలు (సీఈటీపీలు) వచ్చాయి. సొంతంగా ప్లాంటు కట్టుకోలేని చిన్న కర్మాగారాలు ట్యాంకర్లలో మురుగు పంపిస్తే అక్కడ కలిపి శుద్ధి చేయాలన్నది ఆలోచన. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ లెక్కగట్టినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం 70.07 మార్కులతో ‘తీవ్ర కాలుష్య’ జాబితాలో పడింది. 70 దాటితే ఆ జాబితాలో చేరినట్టే.

ఆ రోజుల్లోనే పటాన్‌చెరు కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని వాగులోకి వదలకుండా సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా హైదరాబాద్ మురుగు కాలువల్లోకి, వాటి ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. వాగుకు కొంత ఊరట దొరికింది. పారిశ్రామిక వ్యర్థాల శేషం మాత్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల ఇంటి మురుగును శుద్ధి చేసే అంబర్‌పేటకు చేరింది. అక్కడ పేరుకునే మడ్డిలోనూ దాని వాటా ఉంటుంది.

మడ్డి ఎన్ని రకాలు

బయటివాళ్ల కంటికి మడ్డి అంతా ఒకటే: నల్లగా, జారుగా, కంపు కొడుతూ ఉండేది. ప్లాంటులో పనిచేసేవాళ్లకు కనీసం మూడు రకాలు.

మొదటిది కెమికల్ మడ్డి. వచ్చిన మురుగు ఆమ్లంగా ఉంటే సున్నంతో తటస్థం చేస్తారు, పటికో ఫెర్రిక్ లవణమో వేసి సన్నని రేణువులను గడ్డకట్టిస్తారు. ఇక్కడ కెమిస్టు ముందు ఒక ఇరకాటం ఉంటుంది. వంద కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సున్నంతో చల్లార్చితే సుమారు 175 కిలోల జిప్సం అడుగుకు దిగుతుంది. అదంతా మోయవలసిన మడ్డే. అదే ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో చల్లార్చితే మడ్డి ఉండదు, బదులుగా సుమారు 145 కిలోల సోడియం సల్ఫేటు నీళ్లలో కరిగి లవణాల (టీడీఎస్) లెక్కను పెంచేస్తుంది. మడ్డి తగ్గించామని చెప్పుకునే ప్లాంటును చూసినప్పుడు, ఆ తగ్గింది ఉప్పు రూపంలో ఎక్కడైనా తేలిందా అని ఒకసారి చూడాలి.

రెండోది బయో మడ్డి. గాలి ఊదే ట్యాంకుల్లో బ్యాక్టీరియా మురికిని తిని పెరుగుతుంది, పెరిగినదాంట్లో కొంత రోజూ తీసేయాలి. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఈ పద్ధతిని ప్రకటించారు. వాళ్ల కిటుకు నీళ్లను పారబోసి మడ్డిని దాచుకోవడం: తేరిన మడ్డిని తిరిగి ట్యాంకులోకి పంపితే శుద్ధి గంటల్లో పూర్తవుతుందని వాళ్లు గమనించారు. నూటపది ఏళ్లు దాటినా ప్రపంచంలో అత్యధిక ప్లాంట్లు దీని మీదే నడుస్తున్నాయి.

మూడోది ఆవిరి యంత్రాల నుంచి వచ్చే ఉప్పు. బయటికి చుక్క నీరు వదలకూడదన్న షరతు (జీరో లిక్విడ్ డిశ్చార్జ్) వచ్చాక మందుల కర్మాగారాలు మురుగును రెండు దారులుగా విడదీయడం మొదలుపెట్టాయి. లవణాలు తక్కువున్నది బయో ట్యాంకులకూ, ఆపైన ఆర్‌ఓ పొరలకూ వెళుతుంది. ఎక్కువున్నదాన్ని ముందు స్ట్రిప్పర్‌లో కాచి ద్రావకాలను వేరు చేసి, బహుళ దశల ఆవిరి యంత్రంలో (ఎంఈఈ) చిక్కబరిచి, చివరికి పల్చటి పొరగా ఆరబెట్టే యంత్రంలో (ఏటీఎఫ్‌డీ) ఉప్పుగా మారుస్తారు. ఆ ఉప్పులో సోడియం, క్లోరైడులతో పాటు ఆవిరికాని సేంద్రియ పదార్థాలన్నీ ఉంటాయి.

ఈ మూడింటినీ ఒకే గోతిలోకి తోసేయడం పాత అలవాటు. ఆధునికీకరణలో అన్నిటికన్నా చవకైన పని వీటిని విడిగా ఉంచడమే. జిప్సం మడ్డి ఫిల్టర్ ప్రెస్‌లో తేలిగ్గా గట్టిపడుతుంది. బయో మడ్డి కలిస్తే గుడ్డ పూడుకుపోతుంది. బయో మడ్డి ఎండితే ఇంధనంగా పనికొస్తుంది. జిప్సం కలిస్తే ఆ విలువ పడిపోతుంది.

నీటిని వదిలించడం

మడ్డి నిర్వహణంతా ఒక లెక్క చుట్టూ తిరుగుతుంది. మడ్డిని తేర్చే ట్యాంకు (క్లారిఫయర్) అడుగు నుంచి వచ్చే మడ్డిలో ఘనపదార్థం ఒక శాతం అనుకుందాం. అందులో ఒక టన్ను పొడి సరుకు ఉండాలంటే మొత్తం బరువు 100 టన్నులు. దాన్ని చిక్కబరిచే ట్యాంకులో (తిక్కెనర్) 4 శాతానికి తెస్తే 25 టన్నులవుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో 20 శాతానికి తెస్తే 5 టన్నులు. ఫిల్టర్ ప్రెస్‌లో 35 శాతం దాకా పిండగలిగితే మూడు టన్నుల లోపు. పూర్తిగా ఆరబెట్టి 90 శాతానికి తెస్తే 1.1 టన్ను. అన్నిటిలో పెద్ద కోత మొదటి అడుగులోనే పడింది: 100 నుంచి 25కి. తిక్కెనర్‌లో ఉండేది గుండ్రటి ట్యాంకు, నెమ్మదిగా తిరిగే గీకుడు పలక, కాస్త ఓపిక. కరెంటు ఖర్చు నామమాత్రం. అయినా టెండరు పత్రాల్లో ఖరీదైన డ్రైయర్‌కు దొరికే చోటు తిక్కెనర్‌కు దొరకదు. చాలా పాత ప్లాంట్లలో అది లేనే లేదు. పల్చటి మడ్డి నేరుగా యంత్రాల్లోకి పోతుంది, యంత్రాలు నీళ్లను తోడుతూ అరిగిపోతాయి.

మనవాళ్లకు బాగా తెలిసిన పాత పద్ధతి ఇసుక మడులు. కింద కంకర, పైన ఇసుక, మధ్య మధ్య ఇటుకలు పరిచిన మడుల్లో జానెడు ఎత్తున మడ్డి పోస్తారు. కొంత నీరు కిందికి ఇంకి గొట్టాల ద్వారా ప్లాంటు మొదటికి తిరిగి వెళుతుంది, మిగిలింది ఎండకు ఆరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సంగారెడ్డి ఎండకు పెచ్చులు లేచి, పార వేస్తే పలకలుగా ఊడి వస్తుంది. జూన్‌లో తొలకరి పడిందా, కథ మారిపోతుంది. నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు దాకా ఉంటాయి. ఆరిన మడి మళ్లీ నిండుతుంది, నిండిన మడి పొంగి కాలువ పడుతుంది. ఏడాదిలో నాలుగు నెలలు పనిచేయని ఏర్పాటును నమ్ముకుని పన్నెండు నెలలు మడ్డి పుట్టించే ప్లాంటు నడపడం ఎలా? యంత్రాల వైపు మళ్లడానికి ఇక్కడ మొదటి కారణం వానే.

యంత్రాల్లోకి పంపే ముందు మడ్డికి రేణువులను గుంపు కట్టించే పాలీఎలక్ట్రొలైటు, ప్లాంటు మాటలో ‘పాలీ’, కలపాలి. పొడిని వెయ్యి పాళ్ల నీటికి ఒకటి రెండు పాళ్ల చొప్పున చల్లుతూ, నెమ్మదిగా కలుపుతూ, అరగంటకు పైగా నాననివ్వాలి. హడావుడిగా ఒక్కసారే గుమ్మరిస్తే చేపకళ్లలాంటి తెల్లటి ఉండలు కడతాయి. అవి కరగవు, గొట్టాలను మూస్తాయి, పాలీ డబ్బూ దండగ. సరిగ్గా కలిసిందా లేదా చూడటానికి షిఫ్టు ఆపరేటరు చేసే పరీక్ష చాలా సాదా: రెండు బీకర్ల మధ్య మడ్డిని ఏడెనిమిదిసార్లు అటూ ఇటూ వంపుతాడు. రవ్వలు పుట్టి, వాటి మధ్య తేటనీరు కనిపిస్తే మోతాదు కుదిరినట్టు. జిగురుగా చేతికి అంటుకుంటే ఎక్కువైనట్టు. ప్లాంటుకు ఆటోమేటిక్ డోసింగ్ ప్యానెల్ బిగించాక కూడా ఈ బీకర్లను పారేయకపోవడం మంచిది. ట్యాంకర్లతో వచ్చే మురుగు ఉదయం ఒకలా, సాయంత్రం ఇంకొకలా ఉంటుంది, ప్యానెల్‌లో ఎక్కించిన అంకె నిన్నటిది.

ఆపైన ఏ యంత్రం? పటాన్‌చెరు బెల్టులో ఎక్కువగా కనిపించేవి సెంట్రిఫ్యూజ్, ఫిల్టర్ ప్రెస్. సెంట్రిఫ్యూజ్ మూతపెట్టిన యంత్రం. వాసన, ద్రావకాల ఆవిరి బయటికి రావడం తక్కువ. నిరంతరాయంగా నడుస్తుంది, మనుషులు తక్కువ కావాలి. కరెంటు ఎక్కువ తింటుంది, ఇసుక రేణువులకు లోపలి మర అరుగుతుంది, బయో మడ్డిని 20 శాతం దాటించడం కష్టం. ఫిల్టర్ ప్రెస్ విడతల వారీ పని. పలకల మధ్య గుడ్డల్లోకి మడ్డిని ఒత్తిడితో ఎక్కించి గంటల తరబడి పిండుతారు. తర్వాత హైడ్రాలిక్ పట్టు వదిలి ఒక్కో పలకనూ జరుపుతుంటే కేకు ధబీమని కింద ట్రాలీలో పడుతుంది. బాగా పిండిన కేకు అంచు విరిగి పడుతుంది. పిండనిది గుడ్డకే వేలాడుతుంది, దాన్ని ప్లాస్టిక్ గరిటెతో గీకాలి. గీకేవాడు కాంట్రాక్టు కూలీ, అతని ముఖానికి అడుగు దూరంలో ద్రావకాల ఘాటు. యంత్రం ఎంపికలో ధర, విద్యుత్తు, కేకు శాతం మూడూ పట్టికలో చేరతాయి. ఆ గరిటె పట్టుకునే మనిషిని కూడా పట్టికలో చేర్చితే, పలకలు వాటంతటవే జరిగి దులుపుకునే ప్రెస్‌కు అయ్యే అదనపు ఖర్చు ఎక్కువనిపించదు.

పిండిన నీళ్ల సంగతి తరచుగా మరిచిపోతారు. సెంట్రిఫ్యూజ్, ప్రెస్‌ల నుంచి వచ్చే నీరు ప్లాంటు మొదటికి తిరిగి వెళుతుంది. యంత్రం సరిగా పట్టుకోలేకపోతే సన్నని రేణువులు ఆ నీటితో పాటే తిరుగుతూ ఉంటాయి. కేకు బరువు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల మడ్డి పేరుకుంటూనే ఉంటుంది. ఒకరోజు క్లారిఫయర్ మీద మడ్డి తెట్టులా లేచి గట్టు దాటుతుంది.

మందుల మడ్డి తీరు వేరు

ఊరి మురుగు మడ్డికి పుస్తకాల్లో రాసిన అంకెలను పాశమైలారానికి వర్తింపజేస్తే నిరాశే. బ్యాక్టీరియా రవ్వలను పట్టి ఉంచే బంధాల్లో కాల్షియం, మెగ్నీషియంలది ముఖ్యపాత్ర. మందుల మురుగులో సోడియం లవణాలు ఎక్కువ. సోడియం ఆ స్థానాల్లోకి చొరబడినప్పుడు రవ్వలు వదులవుతాయి. వదులైన రవ్వ నీటిని పట్టుకుని వదలదు, పాలీ ఎంత పోసినా కేకు మెత్తగానే ఉంటుంది. యంత్రం అమ్మిన కంపెనీ ప్రతినిధి కాటలాగు చూపిస్తాడు, ఆపరేటరు కేకు చూపిస్తాడు, ఇద్దరిదీ నిజమే. అందుకని కొనేముందు ఆ ప్లాంటు మడ్డితోనే, వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, చిన్న యంత్రాన్ని తెచ్చి నడిపి చూడాలి. అధిక లవణాల మురుగును మొదట్లోనే వేరు చేసిన కర్మాగారంలో మడ్డి యంత్రం మెరుగ్గా పనిచేయడానికీ కారణం ఇదే. యంత్రం మార్చకుండానే కేకు గట్టిపడుతుంది.

రెండో తేడా మరింత తీవ్రమైనది. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే శుద్ధి చేసిన నీటిలో మందుల అవశేషాలను కొలిచి ప్రచురించింది. అప్పట్లో ఆ కేంద్రానికి సుమారు 90 మందుల కంపెనీల నుంచి రోజుకు సుమారు 1,500 ఘనమీటర్ల మురుగు వచ్చేది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే స్థాయి కన్నా ఇది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయిన ఆ మందు 45 కిలోలని వాళ్లు అంచనా కట్టారు. దాదాపు 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌లో అయిదు రోజుల వాడకానికి అది సమానం. ప్రపంచమంతా ఆ నీటి గురించి మాట్లాడింది. సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్న కుటుంబపు మందులకు ఘన రేణువులను అంటిపెట్టుకునే గుణం బలంగా ఉంది. నీళ్లలో అంత కనిపించిన చోట మడ్డిలో ఎంత ఉంటుందన్న ప్రశ్న ఆ చర్చలో వెనకబడిపోయింది.

2013లో వచ్చిన మరో అధ్యయనం ప్లాంటు లోపలికి వెళ్లింది. ఇదే కేంద్రంలోని వివిధ దశల నుంచి 93 బ్యాక్టీరియా రకాలను పెంచి 39 యాంటీబయాటిక్స్‌తో పరీక్షించారు. వాటిలో సుమారు 86 శాతం ఇరవై, అంతకు మించిన మందులను తట్టుకున్నాయి. బయో శుద్ధి సాగడానికి ఉమ్మడి కేంద్రాల్లో ఇంటి మురుగు కూడా కొంత కలుపుతారు. సూక్ష్మజీవులకు అది పోషణ. మనుషుల పేగుల్లోని బ్యాక్టీరియా ఆ మురుగుతో వచ్చి, మందులు నిండిన ట్యాంకులో చేరి, మడ్డిని తిప్పి తిప్పి వాడుతుండటం వల్ల అక్కడే తరాలు గడుపుతుంది. తట్టుకున్నవే మిగులుతాయి. శుద్ధి కోసం కట్టిన ట్యాంకు మొండి క్రిములకు శిక్షణ శిబిరమయ్యే ప్రమాదం ఇది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. మందుల కేంద్రాల బయో మడ్డి ఎంత ‘సేంద్రియం’గా కనిపించినా పొలానికి ఎరువుగా పనికిరాదు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టుకు సీసం, కాడ్మియం, పాదరసం వంటి లోహాలకు హద్దులు పెట్టింది, యాంటీబయాటిక్స్‌కు పెట్టలేదు. పరీక్షలో పాసైన మడ్డి సురక్షితమని ఆ కాగితం చెప్పలేదు. ఇక యాంటీబయాటిక్ తయారుచేసే కర్మాగారం తన మురుగును ఉమ్మడి ట్యాంకుకు పంపే ముందు తన గేటు లోపలే ఆ అణువును నాశనం చేసుకోవాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో వందకు పైగా యాంటీబయాటిక్స్‌కు వ్యర్థజలాల్లో పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద తొలి మార్గదర్శకాలు తెచ్చింది. వాటి పరిధిలో ఘనవ్యర్థాలు కూడా ఉన్నాయి.

ఆరబెట్టడం: బొగ్గు లెక్క, నిప్పు భయం

పిండటంతో పోని నీటిని వేడితో తీయాలి. వేడి తెడ్లు తిరిగే ప్యాడిల్ డ్రైయర్లు ఇక్కడ వాడుకలోకి వచ్చాయి. కిలో నీటిని ఆవిరి చేయడానికి యంత్ర నష్టాలతో కలిపి సుమారు 750 కిలోకేలరీలు కావాలనుకుందాం. ఒక టన్ను పొడి సరుకున్న మడ్డిని 20 శాతం కేకు నుంచి 90 శాతానికి తేవాలంటే 3.9 టన్నుల నీరు పోవాలి: సుమారు 29 లక్షల కిలోకేలరీలు, మామూలు బొగ్గూ మామూలు బాయిలరూ అయితే దాదాపు టన్ను బొగ్గు. అదే మడ్డిని ముందు ప్రెస్‌లో 35 శాతానికి పిండి తెస్తే పోవలసిన నీరు 1.75 టన్నులే, బొగ్గు అర టన్నులోపు. డ్రైయర్ కొనాలా అన్న ప్రశ్నకు జవాబు డ్రైయర్ దగ్గర లేదు, దాని ముందున్న యంత్రం దగ్గర ఉంది. గాజు కప్పు కింద ఎండతో ఆరబెట్టే షెడ్లు కొన్ని దేశాల్లో బాగా నడుస్తున్నాయి, మన ఎండకూ సరిపోతాయి. ద్రావకాలున్న మడ్డికి మాత్రం గాలిని పట్టి శుభ్రం చేసే ఏర్పాటు లేకుండా వాటిని పెడితే ఆ ఆవిరి చుట్టుపక్కల ఇళ్లకు చేరుతుంది.

ఆరిన మడ్డి సన్నటి ధూళి. సేంద్రియ ధూళి గాలిలో తగినంత తేలి, ఒక్క నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోనే సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో జరిగిన పేలుడు యాభై మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. అది మడ్డి ప్లాంటు కాదు, మందుల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. కానీ ఆరబెట్టే యంత్రాలు, సన్నపొడి, వాటి చుట్టూ గుమిగూడి పనిచేసే మనుషులు ఇక్కడి వాడకు కొత్త కాదని ఆ రోజు తెలిసింది. మడ్డి డ్రైయర్ లోపల ఆక్సిజన్ తగ్గించి నత్రజని నింపడం, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం, పేలుడు ఒత్తిడి వెళ్లిపోయే కిటికీలు, దుమ్ము పేరుకోకుండా రోజూ తుడవటం ఐచ్ఛికాలుగా చూసేవి కావు.

ఇంకో ప్రమాదం నిశ్శబ్దంగా ఉంటుంది. నిలవున్న మడ్డి గుంతల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. మోటారు పూడుకుపోయిందని దిగిన మనిషి, అతన్ని లాగబోయిన రెండో మనిషి ఇద్దరూ తిరిగిరాని సంఘటనలు దేశమంతటా జరుగుతూనే ఉన్నాయి. పంపును గొలుసుతో పైకి లాగి బాగుచేసుకునేలా, మనిషి దిగే అవసరమే లేకుండా గుంతను కట్టడం డిజైను దశలో పెద్ద ఖర్చు కాదు.

గేటు దాటాక

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం పారిశ్రామిక మురుగునీటి శుద్ధిలో వచ్చే రసాయన మడ్డి ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనిది. దాన్ని కప్పు కింద, నీరింకని నేల మీద ఉంచాలి. మామూలుగా 90 రోజులకు మించి నిలవ పెట్టకూడదు. లారీ బయల్దేరితే ఏడు రంగుల ప్రతుల మానిఫెస్టు పత్రం వెంట నడవాలి.

పటాన్‌చెరు బెల్టు మడ్డికి ప్రధాన గమ్యం దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, పూడ్చివేత కేంద్రం. రామ్‌కీ సంస్థ ఆధ్వర్యంలో 2001లో మొదలైన ఈ కేంద్రంలో పూడ్చే గుంతలకు అడుగున బంకమట్టి, ప్లాస్టిక్ పొరలు పరుస్తారు. మడ్డి నుంచి ద్రవం కారుతూ ఉంటే నేరుగా గుంతలో వేయనివ్వరు. పెయింటు వడకట్టే జాలీలో నమూనా ఉంచి చుక్క రాలుతుందా లేదా చూసే పరీక్ష అందుకే. కారితే సిమెంటో బూడిదో కలిపి గట్టిపరచాలి, అంటే బరువు మళ్లీ పెరుగుతుంది, టన్నుకు కట్టే రుసుమూ పెరుగుతుంది. ప్లాంటులో పిండకుండా వదిలిన నీటికి దుండిగల్‌లో రెండుసార్లు డబ్బు కట్టినట్టు. ఆవిరి ఉప్పు ఇంకా చిక్కు. నీళ్లలో కరిగేదాన్ని సిమెంటుతో బంధించలేరు. వాన తగలకుండా దాచి ఉంచడమే.

సేంద్రియ మడ్డికి సిమెంటు బట్టీ మంచి దారి. 1,400 డిగ్రీలు దాటే వేడిలో యాంటీబయాటిక్ అణువులూ, మొండి బ్యాక్టీరియా జన్యువులూ మిగలవు, బూడిద క్లింకరులో కలిసిపోతుంది. తెలంగాణలో తాండూరు, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో సున్నపురాయి, దాంతోపాటు సిమెంటు కర్మాగారాలూ ఉన్నాయి. అడ్డంకి క్లోరైడు: అది ఎక్కువైతే బట్టీ గొట్టాల్లో గట్టి పొరలు కడుతుంది, కర్మాగారం సరుకును వెనక్కి పంపుతుంది. ఉప్పును, బయో మడ్డిని విడిగా ఉంచాలన్న మొదటి సూత్రం ఇక్కడ రూపాయల్లో కనిపిస్తుంది. తమిళనాడు తిరుప్పూరులో మద్రాసు హైకోర్టు ఒత్తిడితో అద్దకం పరిశ్రమ చుక్క నీరు వదలని పద్ధతికి మారినప్పుడు నొయ్యల్ నది సమస్య కొంత తగ్గింది. ఉమ్మడి కేంద్రాల ఆవరణల్లో మడ్డి, మిశ్రమ ఉప్పు గుట్టలు పెరిగాయి. పాశమైలారం అదే దారిలో నడవకుండా ఉండాలంటే నీటి వైపు పెట్టుబడి పెట్టేటప్పుడే మడ్డికి స్థలం, షెడ్డు, కొనేవాడు మూడూ తేల్చుకోవాలి.

మడ్డి ఖాతా

కాలుష్య నియంత్రణ మండలి ఆన్‌లైన్ మీటర్లు ప్లాంటు నుంచి బయటికి పోయే నీటిని నిమిషనిమిషమూ చూస్తుంటాయి: ప్రవాహం, పీహెచ్, సీఓడీ (మురికిని ఆక్సిడైజ్ చేయడానికి పట్టే ఆక్సిజన్ లెక్క), తేలాడే రేణువులు. మడ్డికి అలాంటి మీటరు లేదు. అయినా దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. బయో పద్ధతిలో ఒక కిలో సీఓడీ తొలగిస్తే మామూలుగా 200 నుంచి 400 గ్రాముల పొడి మడ్డి పుడుతుంది. రోజుకు పది టన్నుల సీఓడీ తొలగించామని రికార్డులో రాసిన ప్లాంటు రోజుకు రెండు నుంచి నాలుగు టన్నుల పొడి సరుకు, అంటే 20 శాతం కేకుగా పది నుంచి ఇరవై టన్నులు, ఎక్కడికో పంపి ఉండాలి. మానిఫెస్టుల్లో నెలకు పది టన్నులే ఉంటే రెండు కారణాల్లో ఒకటి నిజం: సీఓడీ తొలగలేదు, లేకపోతే మడ్డి రాత్రి వేళ గేటు కాని గేటు నుంచి పోయింది. ప్రయోగశాల పరికరాలేవీ లేకుండా, వేబ్రిడ్జి చీటీలతో, ఊళ్లోని ఇంటర్ చదివిన పిల్లవాడైనా చేయగల ఆడిట్ ఇది. ప్లాంటు ఆధునికీకరణ ప్రతిపాదన చదివేవాళ్లు ముందుగా ఈ ఖాతాను అడగాలి, మెషినరీ జాబితాను తర్వాత.

ఉమ్మడి కేంద్రాలు సభ్య కర్మాగారాల నుంచి ట్యాంకరు నీటి పరిమాణాన్ని, సీఓడీని, టీడీఎస్‌ను బట్టి రుసుము తీసుకునే పద్ధతి వాడుకలో ఉంది. ఒక ట్యాంకరు నీరు ప్లాంటులో ఎంత మడ్డి పుట్టిస్తుందో అందులో సూటిగా లేదు. సున్నంతో చల్లార్చవలసిన ఆమ్లపు ట్యాంకరు, మామూలు కడుగు నీళ్ల ట్యాంకరు ఒకే సీఓడీతో రావచ్చు. వెనక షెడ్డులో వాటి ఖర్చు మాత్రం ఒకటి కాదు. జాడీ పరీక్ష చేసి లీటరుకు ఎన్ని గ్రాముల మడ్డి దిగుతుందో కొలిచి దాన్ని కూడా ధరలో చేర్చడానికి కావలసింది ఒక బీకరు, తూకం, ఓవెన్. ఇవి ప్రతి ఉమ్మడి కేంద్రపు ల్యాబులోనూ ఇప్పటికే ఉంటాయి.